ఎవరు పడితే చప్పట్లు?

పిల్లలూ, నా తొమ్మిదో ఏట జరిగిన సంగతి ఒకటి చెబుతాను. చెప్పటానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. అయినా చెబుతాను.

ఆ రోజుల్లో మా పట్నంలో ఆదివారం పొద్దుటి ఆటకు ఇంగ్లీషు బొమ్మ వేసేవారు. మా చిన్న మామయ్య నన్ను నేల టిక్కెట్టుకు తీసుకుపోయాడు. తెర నిండా గుర్రాలు, తుపాకులు, దుమ్ము! తెల్లటోపీ వీరుడు తుపాకి పేల్చినప్పుడల్లా, తలకు ఈకలు కట్టుకున్నవాళ్ళు గుర్రాల మీదినుంచి పడిపోతున్నారు. వాళ్ళు పడ్డప్పుడల్లా హాలంతా చప్పట్లు. అందరికంటె గట్టిగా కొట్టినవాణ్ణి నేనే.

ఇంటికి వస్తూ, "మామయ్యా, ఆ ఈకలవాళ్ళెవరు?" అని అడిగాను.

"ఇండియన్లు," అన్నాడు మామయ్య.

నా గుండె ఝల్లుమన్నది. "అంటే మనవాళ్ళా?"

మామయ్య నవ్వి, "కాదురా. 1492లో కొలంబస్ ఇండియాకు దారి వెతుకుతూ పోయి, అమెరికా పక్కని దీవుల్లో దిగాడు. ఇండియా ప్రాంతమే చేరాననుకుని అక్కడివాళ్ళను ఇండియన్లన్నాడు. ఆ తప్పుడు పేరే నిలిచిపోయింది," అన్నాడు.

"అమ్మయ్య!" అనుకున్నాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పడ్డది మనవాళ్ళనుకోగానే బాధ కలిగిందే! కాదని తెలియగానే ఆ బాధ ఎక్కడికి పోయింది? వాళ్ళకు మాత్రం ఇంటి దగ్గర నావంటి పిల్లలు ఉండరా?

పెద్దయినాక ఆ బొమ్మల సంగతి చదివి తెలుసుకున్నాను. అమెరికా ఆదివాసులలో వందల తెగలున్నాయి. ఒక్కొక్క తెగకు వేరే భాష, వేరే ఇళ్ళు, వేరే వేషం. సినిమా వాళ్ళు చాలాసార్లు అందరికీ ఒకే ఈకల టోపీ పెట్టేశారు. ముఖ్యమైన ఆదివాసి పాత్రలకు తెల్లనటుల ముఖాలకే రంగు పూసేవారు. 1939లో వచ్చిన 'స్టేజ్‌కోచ్' అనే పేరుపొందిన బొమ్మలో అపాచీ తెగవారుగా కనిపించినవాళ్ళు నిజానికి నవహో తెగవారు!

మరి కౌబాయ్‌లో? తెరమీద దాదాపు అందరూ తెల్లవాళ్ళే. కాని నిజంగా పశువుల మందలు తోలినవారిలో నాలుగోవంతు దాకా నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. టెక్సాస్‌లో పుట్టిన బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్ పరుగెత్తే గుర్రం మీదినుంచి ఎద్దు మీదికి దూకి, కొమ్ములు పట్టుకుని, దాని పెదవి కొరికి పడదోసేవాడు! 1920 తరువాత కొద్ది ఏళ్ళకే ఆయన విద్యను చూపిస్తూ 'ది బుల్ డాగర్' అనే మూగబొమ్మ కూడా తీశారు. నా చిన్నతనంలో ఆయన పేరు నాకెవరూ చెప్పలేదు.

అందరూ ఒకేలా తీశారనుకోకండి. 1914లో హాలీవుడ్‌లో తీసిన 'ది స్క్వా మేన్' అనే బొమ్మలో నాయికగా వేసిన రెడ్ వింగ్ నిజంగానే ఆదివాసి స్త్రీ. 1920లో ఓక్లహోమాలో 'ది డాటర్ ఆఫ్ డాన్' తీశారు. అందులో నటించినవారంతా ఆదివాసులే. కయోవా, కొమాంచీ తెగలవారు సుమారు మూడువందలమంది తమ సొంత దుస్తులతో, సొంత గుడారాలతో వచ్చి నటించారు. ఆ బొమ్మ ఎన్నో ఏళ్ళు ఎవరికీ కనిపించకుండా పోయింది. చివరకు ఒక ప్రతి దొరికింది. 2013లో అమెరికావారు దానిని భద్రపరచదగిన బొమ్మల జాబితాలో చేర్చారు. తమ తాతలను, అవ్వలను తెరమీద చూసుకున్న ఆ తెగల పిల్లలకు ఎంత సంతోషం కలిగి ఉంటుందో ఆలోచించండి!

మీరూ బొమ్మలు చూడండి, సంతోషించండి. నేనిప్పటికీ చూస్తాను. అయితే చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఈ కథ చెబుతున్నదెవరు? పడిపోయినవాడు చెబితే ఇదే కథ ఎలా ఉండేది?"

ఆనాడు హాలులో నేనా ప్రశ్న వేసుకోలేదు. మీరు వేసుకుంటే నాకు తృప్తి.