ఆట, చదువు, మరి మూడవది

మా కళాశాల వార్షిక సంచికకు రెండు మొదళ్ళు. ఎడమ నుంచి తెరిస్తే తెలుగు, కుడి నుంచి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ నడుమ ఒక తెల్లకాగితం దగ్గర కలుసుకుంటాయి. కొన్నేళ్ళ క్రిందటి ఒక సంచికలో ఆ కుడివైపు శీర్షికలన్నీ ఒక విద్యార్థి వెదురుకలంతో వ్రాసినవి. కంప్యూటరులో అక్షరాలు కూర్చే సదుపాయం అప్పటికే ఉన్నది. అయినా అతని చేతివ్రాత చూచిన ఉర్దూ అధ్యాపకులు ఇదే ఉండాలని పట్టుబట్టారు. ఆ పిల్లవాడే ఆ సంవత్సరం ఐదువేల మీటర్ల పరుగులో కళాశాలకు బహుమతి తెచ్చాడు.

అతనిది శామీర్‌పేటకు అవతల ఒక ఊరు. తండ్రి పాలవ్యాను నడుపుతాడు. మేడ్చల్ ఉన్నది నాగపూర్ రహదారి మీద, శామీర్‌పేట ఉన్నది కరీంనగర్ రహదారి మీద. ఒక దారి నుంచి ఇంకొక దారికి అడ్డంగా రావాలంటే బస్సు కొరకు ఎంతసేపు నిలబడాలో మా విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. ఆ పిల్లవాడు తెల్లవారుజామున చెరువు కట్ట వైపు పరుగెత్తి, ఆ పిమ్మట రెండు బస్సులు మారి తరగతికి వచ్చేవాడు. ఆదివారం మాత్రం పాతనగరానికి పోయి ఒక వృద్ధ కాతిబు వద్ద ఖుష్‌ఖత్ నేర్చుకునేవాడు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాన్ని కొలిచేది కలం మొనతో పెట్టిన చుక్కతోనే. అలిఫ్ నిలువు మూడు నుఖ్తాలు. ఒకసారి మా ఎదుట కూర్చుండి అతడు ఈ సంగతి వివరించి, “పరుగులో పన్నెండున్నర చుట్లు లెక్కపెడతాను సార్, ఇక్కడ చుక్కలు లెక్కపెడతాను. రెండింట్లోనూ తొందరపడితే చెడిపోతుంది” అన్నాడు. మాకు ఆ మాట నచ్చింది. నచ్చి కూడా దానిలో ఉన్న విషయాన్ని మేము గ్రహించలేదు.

ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత అతనికి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి నగరంలో పేరుగల కళాశాల. క్రీడాకారుల కోటాలో సీటు, రుసుము లేదు, హాస్టలు ఉన్నది, మంచి మైదానం ఉన్నది. రెండవది ఇంటి నుంచి పోయి రాదగిన మామూలు కళాశాల. అక్కడి మైదానంలో వానాకాలమంతా నీళ్ళు నిలుస్తాయి. తండ్రి మా వద్దకు వచ్చి సలహా అడిగాడు. మేము ఒక్క నిమిషమైనా ఆలోచించకుండా మొదటిదే అన్నాము. రుసుము మాఫీ చూచాము, మైదానం చూచాము, తరువాత ఉద్యోగంలో క్రీడల కోటా ఉపయోగపడుతుందన్న ఆశ చూచాము. ఆ పిల్లవాని ఆదివారం ఏమవుతుందని అడగాలని మాకు తోచలేదు.

అక్కడ ఉదయం ఐదింటికి ఈల, సాయంకాలం నాలుగింటికి మళ్ళీ ఈల. ఆదివారం ఉదయం కూడా ఈలే. నెలకు ఒక్కమారు ఇంటికి సెలవు. రెండవ సంవత్సరంలో మోకాలి క్రింది ఎముకలో నొప్పి పుట్టి పరుగు ఆగిపోయింది. కాలు కోలుకున్నది గాని ఆ గడియారపు వేగం తిరిగి రాలేదు. ఆ కొన్ని నెలలు హాస్టలు మంచం మీద ఏమి చేశావని అడిగితే, “ఏమీ చేయలేదు సార్, కలం ఇంట్లో ఉండిపోయింది” అన్నాడు. ఇప్పుడు పట్టా చేత పట్టుకొని మేడ్చల్ వైపు ఒక గోదాములో సరుకు లెక్కలు వ్రాస్తున్నాడు. గౌరవమైన పనే. మేము నింద వేయదలచింది ఆ కళాశాల మీద కాదు. వారు ఇస్తామన్నదంతా ఇచ్చారు. అడగవలసింది అడగని తప్పు మాది.

ఈ ప్రాంతంలో ఉండి ఆట గురించి తెలియదనడానికి వీలులేదు. శామీర్‌పేటకు పోయే దారిలోనే హకీంపేట క్రీడా పాఠశాల ఉన్నది. 1993లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పినది. నాల్గవ తరగతిలోనే పిల్లలను ఎన్నుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు, పరుగెత్తిస్తారు, నిలుచున్న చోటి నుంచి దూకిస్తారు, బరువైన బంతి విసిరిస్తారు. ఆ వయస్సులో ఎన్నిక పిల్లవానిది కాదు, తల్లిదండ్రులది. పిల్లవాడు మొదటిసారి తనకు తానుగా ఎన్నుకునేది ఇంటర్మీడియట్ తరువాతనే. సరిగ్గా ఆ సమయాన పెద్దలమందరమూ చేరి రెండే ప్రశ్నలు వేస్తాము. ఆటలో పైకి వస్తాడా? చదువులో గట్టెక్కుతాడా? ఆటా చదువూ కాని మూడవది ఒకటి ఆ పిల్లవానికి ఉన్నదా అని అడిగేవారు అరుదు. ఉన్నదని తెలిసినా దానికి మనము పెట్టుకున్న పేరు కాలక్షేపం.

పెద్ద ఆటగాళ్ళకు ఈ మూడవది లేదనుకుంటే పొరపాటు. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ చిన్ననాట భరతనాట్యం అభ్యసించారు. క్రికెట్టు పెరిగిన కొద్దీ నాట్యాన్ని వదులుకోవలసి వచ్చింది. 1999లో ఐర్లండు మీద తన మొదటి అంతర్జాతీయ వన్డేలోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచారు. 2002లో ఇంగ్లండు మీద టెస్టులో 214 చేశారు. కనుక వదులుకోవడమే సరి అయినదని వాదించవచ్చు. కాని 2017 ప్రపంచకప్పులో ఇంగ్లండుతో తొలి ఆటనాడు, ప్యాడ్లు కట్టుకొని తన వంతు కొరకు కూర్చున్న ఆమె చేతిలో ఒక పుస్తకం ఉన్నది. అది మౌలానా రూమీ కవిత్వం. ఆ చిత్రం లోకమంతా చూచింది. తరువాత పోయి 71 పరుగులు చేశారు. రూమీని చదివినందువలన పరుగులు వచ్చాయని మేము అనము. అంతటి ఒత్తిడి నడుమ మనస్సు నిలుపుకొనడానికి ఆట కానిది ఒకటి ఆమె వద్ద ఉన్నదని మాత్రమే అంటాము. నాట్యం పోయిన చోట పుస్తకం వచ్చి చేరింది. అందరికీ అలా చేరుతుందన్న హామీ లేదు.

ఇక పుల్లెల గోపీచంద్ సంగతి. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో తాను నెగ్గలేదనీ, అందువలననే ఆటలో మిగిలాననీ ఆయన నవ్వుతూ చెప్పుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండు విజేత అయ్యారు, తరువాత సింధును, సైనాను తీర్చిదిద్దారు. అటువంటి గురువే 2025లో, సంపన్న కుటుంబమో ఇంటి వ్యాపారమో లేనివారు పిల్లలను ఆటలో పెట్టవద్దన్నారు. మా విద్యార్థులలో ఆ రెండూ ఉన్నవారు ఎందరు? పాలవ్యాను తోలే తండ్రి ఆ మాట వింటే ఏమనుకోవాలి? మేము మాత్రం ఆ మాటకు ఆటే వద్దనే అర్థం తీసుకోలేదు. ఆటలో దిగిన వందమందిలో పతకానికి ఎందరు చేరుతారో ఆయన కళ్ళారా చూచినవారు. మిగిలినవారికి ముప్పై ఏళ్ళు వచ్చేసరికి చేతిలో ఏమి ఉండాలన్నదే ఆయన ఆందోళన అనుకున్నాము. పట్టా ఉండాలంటారు అందరూ. నిజమే, ఉండాలి. ఆ గోదాములో కూర్చున్న పిల్లవాని వద్ద పట్టా ఉన్నది.

మా వృత్తివారిలో మేము తలచుకునేది సయ్యద్ అబ్దుల్ రహీం గారిని. ఉస్మానియాలో చదివి, హైదరాబాదు బడులలో పాఠాలు చెప్పిన పంతులు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. బడిపంతులుతనం, బంతి ఒకే మనిషిలో కాపురం చేసినవి. ఇప్పటి కాలపట్టికలో ఆయనకు చోటు దొరికేదా అని మాకు అనుమానం.

అమెరికాలో కళాశాల క్రీడల సంఘం ఒక నియమం పెట్టుకున్నది. పోటీల ఋతువులో విద్యార్థిచేత వారానికి 20 గంటలకు మించి సాధన చేయించరాదు, వారానికి ఒక దినం పూర్తిగా వదలిపెట్టాలి. లెక్కకు రాని గంటలు అక్కడా చాలా ఉంటాయని ఆ విద్యార్థులే మొరపెట్టుకుంటారు. అయినా కాగితం మీద ఒక అంకె ఉన్నది. కాదన్నప్పుడు దానిని చూపించి అడగవచ్చు. మన దగ్గర అడగడానికి అంకె ఏది? ఉదయం ఎన్ని గంటలు, సాయంకాలం ఎన్ని గంటలు, ఆదివారం ఎవరిది అని ముందుగా చెప్పే ప్రవేశ పుస్తకం మేము ఇంతవరకు చూడలేదు. మైదానం ఫొటో మాత్రం అందరూ వేస్తారు.

ఈ వేసవిలో ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. ఈమారు కూతురి కొరకు. ఆ అమ్మాయి కబడ్డీలో మంచి పట్టు గలది. దానితోపాటు ఆమె వద్ద ఒక నోటుపుస్తకం ఉన్నది. ఆదివారం తెల్లవారకముందే శామీర్‌పేట చెరువుకు పోయి, కనబడిన పక్షులను తేదీతో సహా వ్రాసుకుంటుంది. కొంగ, నీటికాకి, లకుముకిపిట్ట. తెలుగు పేరు తెలియని చోట ఉర్దూ పేరు, రెండూ తెలియని చోట ఒక బొమ్మ. జంతుశాస్త్రంతో బి.ఎస్సీ. చేయాలని ఆమె కోరిక.

తండ్రి కుర్చీ అంచున కూర్చుండి, “సార్, పోయినసారి మీరు చెప్పిన కాడికే పిలగాన్ని పంపిన. ఈసారి గూడ మీరే చెప్పుండ్రి” అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో. మేము చెప్పలేదు. “ముగ్గురమూ పోయి చూచి వద్దాము” అన్నాము.

మొదటి కళాశాలలో ఆటల మాస్టరు ఎంతో ఆదరంగా మాట్లాడారు. సర్టిఫికెట్లు చూచి సంతోషించారు. బి.ఎస్సీ. అనగానే, “క్రీడాకారులను మేము బి.ఎ.లోనే పెట్టుకుంటామమ్మా. ప్రయోగశాల మధ్యాహ్నం సాగితే నీకు గ్రౌండు దొరకదు” అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మన ప్రాంతపు ఆటగాళ్ళలో అనేకులు ఏ విషయం చదవాలో ఈ విధంగా నిర్ణయమవుతూ ఉంటుంది. ఇష్టాన్ని బట్టి కాదు, ప్రయోగశాల లేకపోవడాన్ని బట్టి.

రెండవ కళాశాల చిన్నది. అక్కడి మైదానానికి ఒకవైపు గోడ లేదు, మేకలు వస్తాయి. అక్కడ ఆ అమ్మాయి తండ్రి వంక చూడలేదు, మా వంకా చూడలేదు. నేరుగా మాస్టరును అడిగింది.

“ఆదివారం పొద్దున ఈల ఉంటుందా సార్?”

ఆయన కొంచెంసేపు తల గోక్కున్నారు. “మామూలుగా ఉండదు. పోటీలకు ముందు మూడు వారాలు మాత్రం ఉంటుంది. అప్పుడు నేను వదలను.”

“ప్రాక్టికల్సు ఉన్న రోజు ఆలస్యంగా రావచ్చునా?”

“రావచ్చు. ఆ రోజు మిగిలిన వాళ్ళు పోయినాక నువ్వు ఒక్కదానివే చుట్లు కొట్టాలి.”

ఆమె ఈ రెండు జవాబులనూ పక్షుల నోటుపుస్తకం చివరి పేజీలో వ్రాసుకున్నది. హాజరు నూటికి 75 ఉండాలి గదా, పోటీలకు పోయిన దినాలు లెక్కలోకి వస్తాయా అని కూడా అడిగింది. ఉత్తరం ఇస్తే వస్తాయన్నారు. అదీ వ్రాసుకున్నది. ఇంత వయస్సు వచ్చిన మాకు తోచని ప్రశ్నలు ఆమెకు ఎట్లా తోచినవని తిరుగు బస్సులో అడిగాము. “అన్నను చూసిన గద సార్” అన్నది.

ఇందులో నష్టం లేదని మేము నటించము. ఆ చిన్న కళాశాలలో హాస్టలు లేదు. రాష్ట్రజట్టుకు ఎన్నిక చేసేవారి కన్ను అక్కడ పడడం కష్టం. మొదటి కళాశాలలో అయితే ఎదురు నిలిచే జట్టు రోజూ ఉండేది. గట్టి ప్రత్యర్థి లేని సాధనలో పట్టు సడలుతుందని కబడ్డీ తెలిసినవారు చెప్పగా విన్నాము. ఆ అమ్మాయి ఆట నిజంగా రాష్ట్రస్థాయిదే అయి, ఒక చెరువుగట్టు కొరకు ఆ దారి వదులుకుంటే, పదేళ్ళ తరువాత మమ్ములను ఏమంటుందో తెలియదు. అన్నగారి విషయంలో ఒకవైపు తప్పాము, చెల్లెలి విషయంలో రెండవవైపు తప్పవచ్చు. అందువలననే ఏ కళాశాల పేరు ముందు పెట్టాలో మేము నోరు విప్పి చెప్పలేదు.

డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి ‘దోస్త్’ అనే పద్ధతి నడుస్తున్నది. కళాశాలల పేర్లు మనకు కావలసిన వరుసలో కంప్యూటరులో ఎక్కించాలి. ఆ పేరు విన్నప్పుడల్లా మా ఉర్దూ విభాగంవారు నవ్వుకుంటారు. స్నేహితుడు అవునో కాదో సీటు వచ్చిన తరువాత గాని తెలియదంటారు. ఆ వరుస పెట్టిననాడు అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ మా కళాశాలకే వచ్చి కూర్చున్నారు. అరగంట వాదులాడుకున్నారు. అన్నకు పెద్ద మైదానం మీద ఇంకా ప్రేమ తీరలేదు. అంత జరిగినా చెల్లెలిని అటే పంపాలని అతని కోరిక. అది చూచి మేము ఆశ్చర్యపోయాము, కొంత నేర్చుకున్నాము కూడా. చివరకు ఆమె చిన్న కళాశాలను ముందు పెట్టి, పెద్దదానిని రెండవదిగా పెట్టింది.

పోయే ముందు అన్న మా బల్ల మీద ఉన్న ఈ సంచిక వ్రాతప్రతులను తిరగవేశాడు. ఉర్దూ శీర్షికలు ఇంకా ఖాళీగా ఉన్నవి. “ఎవరు వ్రాస్తున్నారు సార్?” అన్నాడు. కంప్యూటరు అన్నాము. కొంచెంసేపు ఊరుకుని, కలం పాతది, మొన విరిగింది, మళ్ళీ చెక్కాలి, చేయి ఒక పూట తిప్పుకోవాలి, ఆదివారం దాకా ఆగగలరా అన్నాడు. అచ్చుకు గురువారమే పోవాలి. సంపాదకవర్గాన్ని నాలుగు రోజులు గడువు అడిగాము.