ఋషికుల్య తీరాన పిల్లల ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం పట్టణానికి చేరువలో ఋషికుల్యా నది బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సంగమం పక్కన విశాలమైన ఇసుక తిన్నె ఉన్నది. తీరం ఒడిశాదే అయినా, ఇక్కడి బెస్తపల్లెలలో తెలుగు వినిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి మాసాలలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఈ తిన్నె మీదికి గుంపులుగా వస్తాయి. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయని లెక్క తేలింది.

తల్లి తాబేలు వెనుక కాళ్ళతో గుంట తవ్వి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రానికి మరలిపోతుంది. పిల్లల ముఖం చూడదు. సుమారు 50 రోజులకు గుడ్లు పగిలి, అరచేతిలో ఇమిడే బుల్లి తాబేళ్ళు నీటివైపు పరుగు తీస్తాయి. ఆ దృశ్యం చూడడానికి పట్టణాల నుండి తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని తెల్లవారుజామునే వస్తారు.

అయితే ఈ తిన్నె తన రెండవ ముఖాన్ని దాచుకోదు. ముందు వచ్చిన తల్లి గుడ్లను వెనుక వచ్చిన తల్లే తెలియక తవ్విపారేస్తుంది. కాకులు, కుక్కలు, పీతలు కాచుకొని ఉంటాయి. వేయింట ఒక్కటి మాత్రమే పెరిగి పెద్దదవుతుందని అంచనా.

"అది ఎందుకు కదలడం లేదు?" అని బిడ్డ అడుగుతాడు. "నిద్రపోతున్నది" అని చెప్పి అతని ముఖం పక్కకు తిప్పడం పెద్దలకు అలవాటు. ఆ మాటే చిక్కు తెస్తుంది. హంగేరీలో మరియా నాజ్ 1948లో ప్రచురించిన పరిశోధనలో, అయిదేళ్ళలోపు పిల్లలు మరణాన్ని ఒక విధమైన నిద్రగానో, ప్రయాణంగానో తలుస్తారని తేలింది. పెద్దలూ నిద్ర అంటే, బిడ్డ అది లేచేవరకు వేచి చూస్తాడు. లేదా ఆ రాత్రి తాను పడుకోవడానికే జంకుతాడు. "చనిపోయింది. ఇక ఊపిరి తీయదు, నొప్పి తెలియదు, మళ్ళీ లేవదు" అన్న మాట కటువుగా తోచినా, బిడ్డ మోయగలిగిన మాటే. కాకి తిన్న తాబేలు కాకిపిల్లకు ఆహారమైనదని చెబితే అదీ అతనికి అర్థమవుతుంది. "అమ్మా, నువ్వూ చనిపోతావా?" అన్న ప్రశ్న వెంటనే రావచ్చు. అవునని చెప్పి, చాలామంది ముసలితనం దాకా బ్రతుకుతారనీ, నిన్ను చూసుకోవడానికి ఫలానావారు ఉన్నారనీ పేర్లతో సహా చెప్పడం మేలు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. తీరాన అప్పుడప్పుడు పెద్ద తాబేళ్ళ కళేబరాలు కూడా కనిపిస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. అందుకే ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు ఈ నదీముఖం వద్ద సముద్రంలో చేపల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. వలలో పోయిన ప్రాణాన్ని కూడా "ప్రకృతి ధర్మం" అని బిడ్డకు చెప్పడం అబద్ధమే అవుతుంది. కాకి చేసింది వేరు, మనిషి చేసింది వేరు.

పిల్లలు పుట్టే రోజులలో, దీపాల వెలుగుకు భ్రమసి ఊరివైపు పాకే కూనలను పల్లెవాసులు బక్కెట్లలో ఏరి నీటి అంచున వదులుతారు. వారి బిడ్డలూ చేయి కలుపుతారు. ఈ ఏడు నీట దిగిన కూన తల్లియై తీరానికి రావడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. బక్కెట్లు మోసిన కుర్రవాళ్ళు అప్పటికి సొంత పడవలలో వలలు వేస్తూ ఉంటారు.