మన ప్రయాణం, వారి నిద్ర

తెనాలి జంక్షన్‌లో నాలుగు ఇనుప దారులు కలుస్తాయి. ఒకటి ఉత్తరాన విజయవాడకు, ఒకటి పడమట గుంటూరుకు, ఒకటి దక్షిణాన బాపట్ల మీదుగా చెన్నైకి, మరొకటి ఆగ్నేయంగా రేపల్లెకు సాగిపోతాయి. ధార్మిక సభలకు, నికాహ్‌లకు, జనాజా నమాజులకు మేము ఈ దారుల మీద ఏళ్ళ తరబడి తిరుగుతున్నాము. బండి ఎక్కగానే మనమందరం సవారీ దుఆ చదువుకుంటాము. క్షేమంగా చేర్చేవాడు అల్లాహ్ అని మన విశ్వాసం. అయితే ఆ క్షేమానికి ఆయన కారణంగా నిలిపిన మనిషి ఒకడు బండికి ముందు కూర్చుని ఉంటాడు. పూర్వం డ్రైవరు అనేవారు, ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. మన ఇళ్ళలో అతని ప్రస్తావన అరుదు. అందుకే ఈసారి ఈ దారుల గురించి చెబుతూ అతని గురించి కూడా చెప్పదలచాము.

రెండు దారులు

తెనాలి నుండి రేపల్లెకు 34 కిలోమీటర్లు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వారు 1916లో ఈ మార్గాన్ని నిర్మించారు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన అంటూ ఊరి వెంట ఊరు పలకరిస్తుంది. కృష్ణా కాలువల నీటితో పండే నేల ఇది. వరి కోసిన మడిలో మినుమో, మొక్కజొన్నో మళ్ళీ పచ్చగా లేస్తుంది. భట్టిప్రోలులోని బౌద్ధ స్తూపం ఈ నేల మీద మనకంటే ముందు ఎన్ని తరాలు నడిచాయో గుర్తుచేస్తుంది. రేపల్లెతో పట్టాలు ముగుస్తాయి. ఆపైన పెనుమూడి వద్ద కృష్ణానది, నిజాంపట్నం వద్ద సముద్రం. ఈ బండిలో కాలేజీ పిల్లలు, గంపలు మోసే అమ్మలు, ఆస్పత్రికి పోయే వృద్ధులు కనిపిస్తారు.

బాపట్ల దారి స్వభావం వేరు. విజయవాడ, మద్రాసుల మధ్య పట్టాలు 1899లో కలిశాయి. హౌరా నుండి వచ్చే రైళ్ళు, ఢిల్లీ నుండి వచ్చే రైళ్ళు విజయవాడలో కలిసి ఈ దారినే చెన్నైకి పోతాయి. వాటి నడుమ గూడ్సు బండ్లు. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటితే బాపట్ల. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల, సూర్యలంక తీరం ఈ పట్టణానికి గుర్తులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపాననే తీరం దాటింది. 2022 ఏప్రిల్ నుండి రేపల్లె, బాపట్ల ఒకే జిల్లాలో ఉన్నాయి. అయినా రైలులో ఒకచోటి నుండి మరొకచోటికి పోవాలంటే తెనాలి వచ్చి బండి మారవలసిందే. అలా మారే వేళల్లోనే ప్లాట్‌ఫారం మీద డ్యూటీ దిగి సంచులు మోసుకుంటూ పోయే ఇంజను సిబ్బందిని మేము దగ్గరగా చూశాము.

ఇంజనులో కూర్చున్న మనిషి

మా మదరసాలో చదివే ఒక బాలుని తండ్రి గూడ్సు బండ్లు నడుపుతారు. ఒకనాడు బాపట్ల బండి కోసం వేచి ఉండగా ఆయన కలిశారు. తన పని వివరించమని అడిగాము.

ఎదురయ్యే ప్రతి సిగ్నల్ రంగునూ లోకో పైలట్, అతని సహాయకుడు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలట. నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే ఇంజనులో దీపం వెలుగుతుంది, బజరు మోగుతుంది. దానికీ చేయి కదలకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 30 మీటర్లు దాటుతుంది. అంటే అయిదు సెకన్లు రెప్ప వాలితే 150 మీటర్లు చూపు లేకుండా గడిచినట్లే.

“హజ్రత్, ఎక్స్‌ప్రెస్‌కు వేళ ఉంటుంది, గూడ్సుకు ఉండదు. ఫోను ఎప్పుడు మోగితే అప్పుడు బయలుదేరాలి. పగలు పడుకుంటే నిద్ర రాదు. తెల్లవారుజామున ఇంజనులో మాత్రం వద్దన్నా వస్తుంది” అన్నారాయన.

తరువాత నమాజు గురించి అడిగారు. హనఫీ ఉలమాల వద్ద ప్రయాణ దూరం 48 మైళ్ళు. తెనాలి నుండి రేపల్లె పోయి వచ్చేవాడు ముసాఫిర్ కాడు. విజయవాడ నుండి గూడూరు దాకా బండి నడిపేవాడు ముసాఫిరే. నాలుగు రకాతుల ఫర్జ్‌ను అతడు రెండుగా చేస్తాడు, రమజాన్‌లో రోజాను తరువాతికి వాయిదా వేసుకునే అనుమతి కూడా అతనికి ఉంది. బండి నడుస్తుండగా ఇంజను వదలి లేవరాదు. బండి ఆగినచోట వీలైతే చదవాలి, సమయం మించిపోతే ఖజా చేయాలి. అంధుడు బావిలో పడబోతుంటే నమాజు విరమించి అయినా అతన్ని కాపాడాలని ఫిఖ్హ్ చెబుతుంది. అటువంటప్పుడు వందలాది ప్రాణాల అమానతు చేతిలో ఉన్నవాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. షరీఅతు బాటసారి భారాన్ని ఇంతగా తగ్గించింది. మరి జీవితమంతా బాటసారిగా గడిపేవానికి మనుషులు ఏ భారం తగ్గించారు?

గంటల లెక్క

ఈ ప్రశ్నకు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. 1973లో దేశమంతటా లోకో సిబ్బంది సమ్మె చేశారు. ఆ ఏడు ఆగస్టులో, డ్యూటీలో చేరినది మొదలు దిగే వరకు 10 గంటలకు మించకుండా చూస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. మరుసటి ఏడు మే 8 నుండి 27 వరకు రైల్వే కార్మికులందరి మహా సమ్మె జరిగింది. వేలాదిమంది అరెస్టయ్యారు, ఉద్యోగాలు కోల్పోయారు. 1977లో ప్రభుత్వం మారిన తరువాత వారిని తిరిగి తీసుకున్నారు. పది గంటల మాట మాత్రం సంపూర్ణంగా నెరవేరలేదని లోకో సిబ్బంది సంఘం నేటికీ చెబుతూనే ఉంది.

ఇప్పటి వివాదం వారపు విశ్రాంతి గురించి. నెలకు నాలుగుసార్లు 30 గంటలు, లేదా అయిదుసార్లు 22 గంటలు విశ్రాంతి ఇవ్వాలని నిబంధన. డ్యూటీ దిగి ఇల్లు చేరినప్పుడల్లా 16 గంటల విశ్రాంతి ఎలాగూ ఉంటుంది. ఆ 16 గంటలూ పోను 30 గంటలు, అంటే మొత్తం 46 గంటలు కావాలని సిబ్బంది కోరిక. 16 గంటలు కూడా ఆ 30లోనే కలిసి ఉన్నాయన్నది యాజమాన్యపు లెక్క. వరుస రాత్రి డ్యూటీలు రెండుకు మించరాదని కూడా వారు అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు, భోజనానికి, కాలకృత్యాలకు నిర్ణీత విరామం ఇవ్వడం నిర్వహణరీత్యా సాధ్యం కాదని తెలిపింది. ఈ వృత్తిలో స్త్రీలు కూడా ఉన్నారు. మరుగుదొడ్డి ఉన్న ఇంజను మొదటిసారి పట్టాలెక్కినది 2016లో మాత్రమే.

2025 ఫిబ్రవరి 20, 21 తేదీలలో, రమజాన్‌కు పది రోజుల ముందు, దేశంలోని లోకో పైలట్లు 36 గంటల నిరాహార దీక్ష చేశారు. బండ్లు ఆపలేదు. ఆకలితోనే నడిపారు. వారు అడిగిన వాటిలో ముఖ్యమైనది విశ్రాంతి.

ఈ అలసటకు నేల, ఆకాశం తేడా లేదు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో సమీపాన ఒక ప్రాంతీయ విమానం కూలి 50 మంది మరణించారు. విచారణలో పైలట్ల నిద్రలేమి చర్చకు వచ్చింది. మృతుల కుటుంబాలు పట్టువదలక పోరాడగా, 2014 నుండి అక్కడి ప్రయాణికుల విమానాల పైలట్లకు డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి తప్పనిసరి అయింది. మన దేశంలో విమాన పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుండి 48 గంటలకు పెంచిన నిబంధన 2025 జులైలో అమలులోకి వచ్చింది. ఆకాశంలో నడిపేవానికి అవసరమైన నిద్ర నేల మీద నడిపేవానికి అవసరం లేకపోతుందా?

ఒప్పందం ఒక అమానతు

జీతం, విశ్రాంతి గురించి బేరమాడడం దీన్‌కు సంబంధం లేని లౌకిక వ్యవహారమని కొందరు తలుస్తారు. ఖుర్ఆన్ ఖసస్ సూరాలో మద్‌యన్ పెద్దమనిషి, హజ్రత్ మూసా (అలైహిస్సలాం) చేసుకున్న ఒప్పందాన్ని చూడండి. గడువు ఎనిమిదేళ్ళు, పది పూర్తి చేయడం మూసా ఇష్టం. శ్రమపెట్టే ఉద్దేశం తనకు లేదని యజమాని ముందే చెబుతాడు. ఏ గడువు పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండరాదని పనివాడు స్పష్టం చేసుకుంటాడు. ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా నిలుపుతారు. పనివాడు షరతు అడగడం అవిధేయత కాదని, ఇచ్చిన మాట నిలుపుకోవడం యజమాని ధర్మమని ఇందులో మనకు బోధపడుతుంది.

ప్రవక్త పదవికి ముందే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హిల్ఫుల్ ఫుజూల్ ఒడంబడికలో పాల్గొన్నారు. మక్కాలో సరుకు అమ్మి డబ్బు రాక మోసపోయిన ఒక యమన్ వర్తకునికి న్యాయం జరిపించడానికి పెద్దలు ఏకమైన సందర్భమది. ఇస్లాం వచ్చిన తరువాత కూడా ఆయన ఆ ఒడంబడికను మెచ్చుకున్నారు. చేతి కింది వారిపై శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే తామూ చేయి వేయాలని ఆయన బోధించారు. ఇందులో పనివానికీ బాధ్యత ఉంది. విశ్రాంతి కోసం ఇచ్చిన గంటలను ఫోను చూస్తూనో, మరో సంపాదనలోనో ఖర్చు చేస్తే అదీ అమానతులో ద్రోహమే.

మన వాడలో మన వంతు

ప్రభుత్వం ఏమి నిర్ణయించినా, ఒక పని మన చేతిలో ఉంది. ఆ బాలుని తల్లి పగటిపూట ఇంటి తలుపు మూసి, పిల్లలను పెరట్లోకి పంపి, భర్త నిద్రకు కాపలా కాస్తుంది. ఎదురింట్లో వలీమా ఉంటే మైకు మోత, వీధిలో టపాసులు, ఫోనులో బంధువుల పలకరింపులు. ఆ నిద్రను చెడగొట్టేవారిలో రైల్వేవారి కంటే మనమే ఎక్కువమంది ఉంటాము. రైలు, బస్సు, లారీ నడిపేవారు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సులు ప్రతి వాడలోనూ ఉన్నారు. వారి ఇళ్ళు ఏవో తెలుసుకుందాము. ఆ ఇంటివైపు మైకు తిప్పకుండా ఉందాము. ఫలానా ఆయన రాత్రంతా బండి నడిపి వచ్చి పడుకున్నారని పిల్లలకు చెబుదాము. మస్జిద్ కమిటీలు జల్సాల వేళలు నిర్ణయించేటప్పుడు ఈ సంగతి గమనించాలి.

పొరుగువాని హక్కులో అతని నిద్ర కూడా చేరుతుంది. ఈ మధ్యాహ్నం మనం కాపాడిన నిద్రే ఈ రాత్రి బాపట్ల దాటే బండిలో మనకు తెలియని వందల కుటుంబాలను ఇల్లు చేర్చవచ్చు, ఇన్షాఅల్లాహ్.