మార్కులు వేసేవారికి ఒక మాట



సండే స్కూలు వార్షికోత్సవమైనా, వి.బి.యస్. ముగింపు కూడికైనా, యౌవనస్థుల బైబిల్ క్విజ్ అయినా చివరకు బహుమతులు ఉంటాయి. బహుమతులు ఇవ్వాలంటే మార్కులు వేయాలి. దేవుని మందిరంలో పిల్లలను మార్కులతో కొలవడం తగునా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. కొలవడం తప్పు కాదని నా అభిప్రాయం. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో దేవుడు తూకమే వద్దనలేదు. ఒకే సంచిలో పెద్దవి, చిన్నవి రెండు రకాల తూకపు రాళ్లు ఉంచుకోవద్దన్నాడు.

ఈ సంగతి నాకు తేటగా అర్థమైంది మనం ఊహించని చోట. అమెరికాలో మా పెద్దమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు ఉన్నాను. నా మనవడు వారం వారం పిన్‌బాల్ లీగుకు వెళ్లేవాడు. ఒకసారి నన్నూ తీసుకువెళ్లాడు. పిన్‌బాల్ అంటే కాళ్లున్న ఒక వాలు బల్ల. పైన గాజు పలక, లోపల ఇనుప గోలీ. గోలీ క్రిందికి జారిపోకుండా రెండు ప్రక్కలా మీటలు నొక్కి, చిన్న రెక్కలతో దాన్ని పైకి కొడుతుండాలి. అది తగిలిన చోటును బట్టి పాయింట్లు పడతాయి.

"ఇది జూదం కాదు కదరా?" అని అడిగాను. "ఆ అనుమానం నీ ఒక్కదానికే కాదు అమ్మమ్మా" అని నవ్వాడు. న్యూయార్కు నగరంలో 1942లో మేయర్ లాగార్డియా దీన్ని జూదమని నిషేధించి, యంత్రాలను సుత్తులతో పగలగొట్టించాడట. 1947లో ఈ రెక్కలు వచ్చాక ఆట చేతి నేర్పు మీదికి మళ్లింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర పెద్దల ఎదుట ఆడుతూ, గోలీ ఏ దారిన పోతుందో ముందే చెప్పి ఆ దారినే పంపించాడు. ఆ ఏడే నిషేధం ఎత్తివేశారు.

ఆ సాయంత్రం నలుగురేసి చొప్పున వేరు వేరు యంత్రాల మీద ఆడారు. 1960ల నాటి పాత యంత్రం మీద బాగా ఆడినవారికి కొన్ని వేల పాయింట్లే వస్తాయి. 1995లో వచ్చిన 'అటాక్ ఫ్రమ్ మార్స్' అనే యంత్రం మీద బాగా ఆడితే వంద కోట్లు దాటుతుంది. రెండూ కలిపి కూడితే పాత యంత్రం మీద పడిన కష్టం లెక్కలోకే రాదు. అందుకని వాళ్లు ఆ అంకెలను కూడరు. ప్రతి యంత్రం మీద మొదట వచ్చినవారికి 7, తర్వాతివారికి 5, 3, 1 ఇస్తారు.

"ఒక్క పాయింటు తేడాతో వెనకబడినా, కోటి తేడాతో వెనకబడినా అయిదేనా?" అన్నాను.

"అయిదే అమ్మమ్మా. ఏ లెక్కలోనైనా ఏదో ఒకటి జారిపోతుంది. కానీ ఆట మొదలు కాకముందే అందరికీ చెబుతారు. మధ్యలో ఎవరి కోసమూ మార్చరు." ఇంకొకటి కూడా చెప్పాడు. పది వారాల్లో తక్కువ వచ్చిన రెండు వారాలు అందరికీ తీసివేస్తారట. జ్వరం వచ్చినవాడు, రాత్రి డ్యూటీ పడినవాడు ఆశ వదులుకోకూడదని.

ఆ మాట వినగానే మా సండే స్కూలులోని ఒక అమ్మాయి నా మనసులో మెదిలింది. మాది మిరప పండే ప్రాంతం. కోతల రోజుల్లో తల్లిదండ్రులు ఆదివారమైనా పనికి పోతే, ఆ పిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండేది. ఆ ఏడు తొమ్మిది ఆదివారాలు రాలేదు. కంఠత వాక్యాలు మాత్రం అందరికంటే ఎక్కువ అప్పజెప్పింది. హాజరు, కంఠత, కొత్త పిల్లలను తేవడం అన్నీ కలిపి కూడే పద్ధతి గనుక ఆమె పేరు ఎక్కడో అడుగున పడింది. బహుమతుల రోజు ఏమీ అనలేదు. తర్వాత రావడమే మానేసింది.

తిరిగి వచ్చాక మా అయ్యగారితో, టీచర్లతో ఈ విషయం మాట్లాడాను. ఒక టీచరు గారు, "హాజరు విలువ తగ్గిస్తే వానలో తడిసి వచ్చిన పిల్లవాడికి ఏం చెబుతామమ్మా?" అన్నారు. అదీ న్యాయమైన మాటే. చాలాసేపు ఆలోచించి, హాజరుకు ఒక బహుమతి, కంఠతకు వేరొక బహుమతి పెట్టుకున్నాం. ఏడాదిలో ఎనిమిది ఆదివారాలు తప్పినా హాజరు మార్కులు తగ్గవు. అది ఒక్క పిల్ల మీద జాలితో కాదు, అందరికీ ఒకటే. మొదటి ఆదివారమే గోడ మీద వ్రాసి అంటించాం. శివారు గూడెం పిల్లవాడు ఎంతమందిని తేగలడు? కాబట్టి కొత్తవారిని తెచ్చినందుకు మార్కులు తీసేశాం.

ఈ మార్పు జరిగేసరికి ఆ అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిపోయింది. ఆమె పోగొట్టుకున్న బహుమతి తిరిగి రాదు. ఇప్పుడు ఆమె తమ్ముడు వస్తున్నాడు.

ద్రాక్షతోటలో చివరి గంటకు వచ్చినవానికి కూడా యజమాని ఒక దేనారమే ఇచ్చాడు కదా, మరి మార్కులెందుకు అని ఒక సహోదరి అడిగారు. ఆ దేనారము కృప. కృపకు మార్కులు లేవు, ఎవరూ వేయలేరు. తలాంతుల ఉపమానం చూడండి. అయిదు తలాంతులు సంపాదించినవాడూ, రెండు సంపాదించినవాడూ ఒకే మెప్పు పొందారు. ఎవరికి ఎంత ఇచ్చాడో ఆ యజమానికి తెలుసు. మనకు తెలియదు. గనుక మార్కుల పుస్తకం తెరిచే ముందు, రాని బిడ్డ ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో అడుగుదాం. ఒక్క తూకపు రాయినే సంచిలో ఉంచుకొందుము గాక. ఆమేన్.