మృగశిర గాలుల్లో గూడుబండి

వయసు మీరిన తల్లినీ, వంటిల్లు విడిచి వుండలేని భార్యనూ, సెల్‌ఫోను విడిచి వుండలేని కొడుకునూ ఒకే బండిలో వూళ్లు తిప్పడం ఎలాగన్నది చిక్కు సమస్య. హైదరాబాదులో అద్దెకు దొరికిన క్యాంపర్ వ్యాను దాన్ని తీర్చింది. పరుపులు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు - అన్నీ అందులోనే. అమ్మ లోపలికి తొంగిచూసి, "ఓస్! గూడుబండే గదా!" అని తేల్చేసింది.

అందులో అబద్ధం లేదు. ఆమె చిన్నతనంలో కొమురవెల్లి మల్లన్న జాతరకు గూడుబండ్లలోనే పోయేవారట. బియ్యం, కుండలు, పిల్లలు, గొంగళ్లు అన్నీ బండిలోనే. గుడి దగ్గర ఎద్దులు విప్పి, మూడు రాళ్ల పొయ్యిమీద బోనం వండుకొని, రాత్రికి బండి పక్కనే నిద్ర. మా బండికి ఎద్దులు లేవు, అంతే తేడా!

రోహిణి పోతూ, మృగశిర వస్తూ వుండే రోజులవి. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటేదాకా ఎండ మాడ్చింది. ప్రజ్ఞాపూర్ దగ్గర గాలిదుమారం. కుకునూరుపల్లిలో రూపాయి బిళ్లలంత చినుకులు, పది నిమిషాల్లో మళ్లీ ఎండ. మా ఆవిడ ఆరేసిన తువాలు మూడుసార్లు తడిసి మూడుసార్లు ఆరింది.

ఆ రోడ్డుకు ఎడమవైపు కొండపాక, తొగుట మండలాల్లో మల్లన్నసాగర్ వుంది. 50 టి.ఎం.సి.ల నీటి కోసం ఖాళీ అయిన ఎనిమిది వూళ్లలో అమ్మ పుట్టిన పల్లెపహాడ్ ఒకటి. 2022 ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమైంది. అప్పటినుంచీ ఆమె అటు పోలేదు. ఈ ప్రయాణం పెట్టింది అందుకేనని ఆమెకు చెప్పకుండా, "ఒకసారి చూసిపోదామా?" అన్నాను.

"ఏమున్నది బిడ్డా ఆడ? నీళ్లే గదా. నీళ్లు మనింట్ల లేవా?"

డ్రైవరు నావైపు చూశాడు. బండి కుడివైపు కొమురవెల్లికి తిరిగింది.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు ఇసుక వేస్తే రాలని ఆ వూరు, జూన్‌లో ఆవులించుకొంటూ కూర్చుంది. మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అటూయిటూ వుంటారు. అమ్మ బండారి బొట్టు పెట్టుకొని, "నీ పేరు పెట్టి మా వూరు ముంచిండ్రు" అని దేవుడితోనే అన్నది. కోపంగా కాదు, చుట్టాన్ని అడిగినట్లు.

మర్నాడు చేర్యాలలో జడివాన. ఒక నకాషీ చిత్రకారుల యింటి వాకిట్లో తలదాచుకొన్నాం. గుడ్డకు సుద్ద, గంజి, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, ఎర్రని నేల మీద కథ గీస్తారు. ముసురులో పూత ఆరడం లేదని ఆయన దిగులు. సిద్దిపేట చేరాక మా ఆవిడ గొల్లభామ చీర కొన్నది. ధర యిక్కడ రాయను.

ఆ సాయంత్రమే అసలు సంగతి జరిగింది. మృగశిర నాడు చేపలు తినాలి కదా, బజారుకు వెళ్లాం. బొచ్చెలు, రవ్వలు కుప్పలుగా పోసి వున్నాయి.

"యాడివి బాబూ?" అని అడిగింది అమ్మ.

"మల్లన్నసాగర్‌వి, అవ్వా. తాజావి."

అమ్మ కాసేపు వాటినే చూస్తూ నిలబడింది. మా ఆవిడ, "పోదాం పదండి అత్తయ్యా" అని చెయ్యి పట్టుకొన్నది.

"ఆగవే. రెండు కిలోలు తీసుకోండ్రి. మా వూరివే గదా."

ఆ రాత్రి కోమటి చెరువు గాలికి వ్యాను తలుపులు తెరుచుకొని పులుసు తిన్నాం. చేతులు కడుక్కుంటూ, "పొద్దుగాల పోదాం తియ్యి" అన్నది.

ఆగి ఆగి కట్ట ఎక్కించాం. పడమర నల్లగా కమ్ముకొచ్చింది. అవతలి గట్టు కనబడటం లేదు.

"మీ యిల్లు ఎటువైపు నానమ్మా?" అని మావాడు అడిగాడు.

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. నీటికి గుర్తులేముంటాయి! అంతలో అవతలినుంచి వాన తెరలా కదిలి రావడం మొదలుపెట్టింది.

"మాది పడమటి వాకిలి. వాన ఎప్పుడూ ఎదురుంగనే వస్తుండె. ముందుగాల చింతచెట్టు తడుస్తుండె, ఎన్క అరుగు." వేలు చాచింది. "గదిగో... చెట్టుకాడికొచ్చింది. ఇగ అరుగు..."

తొలి చినుకులు మామీద పడ్డాయి. నేను గొడుగు విప్పబోయాను.

"ఆగు" అన్నది.