విమానయాత్ర - ఇంటిలెక్క

2008వ సంవత్సరమున ప్రయాణీకుల విమానములు బేగంపేట విడిచి శంషాబాదు చేరినవి. నాటినుండి ఉత్తరపు టంచుననున్న మాకు విమానాశ్రయము దూరమైనది. నేడు మేడ్చలు, శామీరుపేటలవారు అచ్చటికి పోవలెనన్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిలో ఇంచుమించు సగము దాటవలయును.

గత వేసవిలో మేము శామీరుపేటనుండి పిల్లలతో పదిదినముల కాశీయాత్రకు బయలుదేరితిమి. స్వంతకారును విమానాశ్రయముననే నిలిపిపోదమని మావారును, టాక్సీ మేలని నేనును వాదించుకొంటిమి. అంతట నేనొక కాగితముపై లెక్క వేసితిని. రానుపోను టాక్సీ బాడుగనుండి మన కారునకగు పెట్రోలును, దారిసుంకమును తీసివేయవలెను. మిగిలినదానిని ఒకదినపు నిలుపుదల రుసుముచే భాగింపవలెను. వచ్చినన్ని దినములవరకే కారు లాభము. ఏలయన టాక్సీ బాడుగ రెండు తడవలతో తీరును. నిలుపుదల రుసుము దినదినము పెరుగును. మా పదిదినములకు టాక్సీయే చౌకయని తేలినది. అయినను, అపరాత్రివేళ తెలియనివాని బండి యేలయని మావారు కారునే తీసిరి.

తిరిగివచ్చునపుడు అర్ధరాత్రము దాటినది. మేడ్చలు కూడలి సమీపించునప్పటికి మావారికి కునుకు పట్టి బండి ప్రక్కకొరగినది. నేను భుజముపట్టి కుదుపగా ఉలికిపడి మేల్కొనిరి. వెనుక పిల్లలు గాఢనిద్రలో నుండిరి. ఆ కునుకు వెల నా కాగితమున లేదు!

టాక్సీవానికిని నిద్ర రావచ్చును. కాని అప్పుడు కనిపెట్టి పలుకరించుటకు మావారు ప్రక్కనే కూర్చుందురు. కావున అమ్మలారా, లెక్క తప్పక వేయుడు; రాక రాత్రివేళయైనచో, రూపాయల క్రింద నిద్రనుగూడ ఒక పద్దుగా వ్రాసికొనుడు.