చేపతోక పలక

మన విశాఖపట్నంలో సూర్యుడు సముద్రంలోనుంచి పైకి వస్తాడు గదా! సముద్రంలోకి దిగిపోయే సూర్యుణ్ణి చూడాలంటే పడమటి తీరానికి పోవాలి. అలాటి తీరం ఒకటి నేను చూసివచ్చాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు దక్షిణపు కొసన, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున సాన్ డియేగో అనే నగరం ఉన్నది. మా అమ్మాయి కాపురం అక్కడే.

ఆ ఊళ్ళో పాయింట్ లోమా అనే కొండనేల సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. దాని పడమటి అంచున ఇసుకరాతి గట్లున్నాయి. వాటిని సన్‌సెట్ క్లిఫ్స్, అంటే సూర్యాస్తమయపు గట్లు అంటారు. సాయంకాలం అక్కడ నిలబడి కిందికి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనుషులు కెరటాలమీద నిలబడి జారిపోతూ ఉంటారు! వారి కాళ్ళకింద ఒక్క పలక తప్ప మరేమీ ఉండదు.

ఈ విద్య హవాయి దీవులవారిది. 1885లో, కాలిఫోర్నియాలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు శాంటా క్రూజ్ వద్ద రెడ్‌వుడ్ చెక్క పలకలమీద కెరటాలెక్కారు. చాలాకాలం తరువాత చెక్కకు బదులు, గట్టిపడిన ప్లాస్టిక్ నురుగు వచ్చింది. 1960 ప్రాంతంలో ఆ పలకలు తొమ్మిది, పది అడుగుల పొడవుండేవి. 1967లో సాన్ డియేగో కుర్రవాడు స్టీవ్ లిస్ మోకాళ్ళమీద కూచుని జారటానికి ఒక పొట్టి పలక చేశాడు. అది పొట్టిదే గాని వెడల్పయినది. తోక చేపతోకలాగా రెండుగా చీలి ఉంటుంది. అడుగున రెండు రెక్కలుంటాయి. దానికి "ఫిష్" అనే పేరు వచ్చింది. తరువాత దానిమీద నిలబడి జారేవారూ బయలుదేరారు.

తోకను ఎందుకు చీల్చారంటారా? వెడల్పయిన పలక చిన్న కెరటంమీద కూడా త్వరగా పరుగందుకుంటుంది. కాని తోక మరీ వెడల్పయితే మలుపు తిరిగేటప్పుడు పట్టు తప్పుతుంది. చీలిన తోక అయితే, పలక పక్కకు వాలగానే ఒక సన్నని కొస నీళ్ళలో దిగి పట్టు ఇస్తుంది. అడుగున ఉన్న రెక్క కూడా దానికి తోడవుతుంది.

మా మనవడికి పదిహేనేళ్ళు. అలాటి పలక తానే చేసుకోవాలని వాడి పట్టుదల. వేసవి సెలవులన్నీ ఇరుగుపొరుగుల గడ్డి కోసి, ఆ డబ్బుతో నురుగుదిమ్మ కొన్నాడు. దిమ్మకు సరిగా నడుమ, కొసనుంచి కొసవరకూ, ఒక సన్నని చెక్కబద్ద ఉంటుంది. అదే దానికి వెన్నెముక.

వాడు మొదట పలక ఆకారాన్ని పలచని అట్టచెక్కమీద గీశాడు. మొత్తం ఆకారం కాదు సుమా, సగమే! ఒక తిన్నని గీత గీసి, ముక్కునుంచి ఒక అడుగు దూరాన, నడుమ, తోకనుంచి ఒక అడుగు దూరాన వెడల్పులు గుర్తు పెట్టాడు. ఒక సన్నని బద్దను వంచి ఆ గుర్తుల మీదుగా వంపు గీశాడు. దాన్ని కోస్తే సగం అచ్చు తయారయింది. తిన్నని అంచును వెన్నెముకమీద ఆనించి ఒకవైపు గీయటం, అచ్చును తిరగవేసి రెండోవైపు గీయటం. ఒకే అచ్చు గనక రెండువైపులా తేడా రాదు.

"తాతయ్యా, ఇది కదలకుండా పట్టుకో," అన్నాడు వాడు. ముప్ఫైయేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, అచ్చు పట్టుకోలేనా? మొదటివైపు బాగానే పట్టుకున్నాను. రెండోవైపు గీసేటప్పుడు సముద్రపు పక్షి ఒకటి అరిస్తే తల తిప్పి చూశాను. అంతే!

మనవడు రంపంతో గీతకు కొంచెం బయటగా కోసి, గరుకుకాగితంతో గీతదాకా అరగదీశాడు. తరువాత నేను కొలతబద్ద వేశాను. వెన్నెముకనుంచి కుడివైపు పదిన్నర అంగుళాలున్నది. ఎడమవైపు పదింబాతికే ఉన్నది! తోక దగ్గరా పావు అంగుళం తేడాయే. అచ్చు నా చేతిలోనే జారిందన్నమాట.

నాకు నోట మాట రాలేదు. వాడి వేసవి కష్టమంతా ఆ దిమ్మలో ఉన్నది. "తప్పు నాదేరా," అన్నాను.

వాడు కాసేపు పలకకేసి చూసి, "ఎడమవైపు అతికించలేం. కుడివైపు తీసెయ్యచ్చు గదా, తాతయ్యా!" అన్నాడు. అచ్చును వెన్నెముక దాటించి పావు అంగుళం లోపలికి జరిపి, కుడివైపు మళ్ళీ గీశాడు. ఈసారి నేను రెండు చేతులతో పట్టుకున్నాను. ఇరవైయొక్క అంగుళాల పలక ఇరవైన్నర అయింది. అయితేనేం, రెండువైపులూ సమానం!

ఆపైన అంచుల్ని ఏటవాలుగా చెక్కి, తరువాత గుండ్రం చేశాడు. రాత్రి గదిలో పెద్దదీపాలార్పి, పలక ఎత్తున పక్కగా ఒక దీపం పెట్టాడు. ఎక్కడ చిన్న గుంట ఉన్నా నీడ పడి కనపడింది! నురుగు చెక్కేటప్పుడు ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు ముసుగు తప్పనిసరి. చివరకు గాజునారతో నేసిన గుడ్డ పరిచి, దానిమీద రెజిన్ అనే జిగురు పోశారు. అది గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఘాటైన వాసన వస్తుంది. అందుచేత ఆ పని వాడి తండ్రి దగ్గరుండి, ఆరుబయట నీడలో చేయించాడు.

పలకను ముందుగా లా హోయా షోర్స్ అనే ఇసుకతీరానికి తీసుకుపోయాం. అక్కడ కెరటాలు నెమ్మదిగా వస్తాయి. మనవడు నాలుగుసార్లు పడ్డాడు. అయిదోసారి నిలబడ్డాడు! పలక ఎటూ లాగకుండా తిన్నగా ఒడ్డుకు వచ్చింది. నేను అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

మీరూ ఈ కిటుకు చూడవచ్చు. పాత వార్తాపత్రిక ఒకటి మధ్యకు మడిచి, మడతనుంచి సగం చేపను గీసి కత్తిరించండి. విప్పితే రెండువైపులూ సమానంగా ఉన్న చేప వస్తుంది. కత్తిరించేటప్పుడు మడత కదలనివ్వకండి. పక్షి అరిచినా సరే, తల తిప్పకండి!